ఆరో పాట చివర

"నీ పాటలూ నీలాంటివేనే. నోరెత్తవు!" అని మా ఆయన పెద్దగా నవ్వారు.

నేను బట్టలు ఆరేస్తున్నాను. ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని ఫోనులో నా ఆల్బమ్ వింటున్నారు. అందులో పాడేవాళ్ళు లేరు. నా కీబోర్డు, వెనకాల మెత్తగా బేసు, డ్రమ్సు, అంతే. స్మూత్ జాజ్ అంటారు దాన్ని. ఆయన నన్ను మెచ్చుకున్నాననే అనుకున్నారు. నేను ఆయన చొక్కానే ఇంకోసారి గట్టిగా పిండి, దులిపి, తీగమీద వేశాను.

ఆల్బమ్ వచ్చాక అందరూ మెచ్చుకున్నవాళ్ళే. నా బాధ అదే. పళ్ళ డాక్టరుగారు తన క్లినిక్కులో రోజంతా అదే మోగిస్తున్నారట. "పేషెంట్లు అరవడం తగ్గిందమ్మా" అని ఫోన్ చేసి మరీ చెప్పారు. ముక్కూ మొహం తెలియని ఒకాయన పాట కింద ఇలా రాశాడు: "ఆఫీసులో తిట్లు తిని ఇంటికొచ్చి ఇది పెట్టుకుంటే, భార్య తల నిమిరినట్టుంది." దానికి బోలెడు లైకులు. మరి ఆ భార్య తల ఎవరు నిమురుతారని ఒక్కరూ అడగలేదు. ఇంకొకావిడ, వంట చేస్తూ వింటుంటే చేతులు వాటంతటవే ఆడుతున్నాయని రాసింది. ఆవిడ మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఆ చేతులు ఆగితే ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు.

ఆల్బమ్ పేరు 'తీరిక'. పెట్టింది నేను కాదు, స్టూడియో నడిపే మాస్టారు. ఆ పేరు విన్నప్పుడు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. ఆ పాటలు నేను కట్టింది మా మామగారి మంచం పక్కన. ఆయనకి పక్షవాతం వచ్చినప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు, నన్ను కాఫీ పెట్టమని పంపించి. నేను కప్పులు పట్టుకుని వచ్చేసరికి తీర్మానం అయిపోయింది. "నీదేముంది, సాయంత్రాలు హోటల్లో నాలుగు పాటలు వాయించడమేగా. కొన్నాళ్ళు మానేయ్" అన్నారు మా ఆయన. మానేశాను. కొన్నాళ్ళు కాస్తా మామగారు పోయేదాకా సాగాయి. ఒళ్ళు తుడిచేదాన్ని, పక్కకి తిప్పేదాన్ని, దుప్పట్లు ఉతికేదాన్ని. మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తే, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునేదాన్ని. నాకు మాత్రమే వినిపించేది. ఇంట్లోవాళ్ళకి వినబడేది మీటల టకటక ఒక్కటే. "ఆ టకటకేంటమ్మా, తల మీద కొట్టినట్టు!" అని గోడవతల నుంచి మా అత్తగారు విసుక్కునేవారు.

ఆరో పాట ఆ రోజుల్లోనిదే. మెత్తగా మొదలవుతుంది. చివరికొచ్చేసరికి ఎడమ చెయ్యి ఒకే స్వరాన్ని పట్టుకుని వదలదు, కుడి చెయ్యి దానిమీద విరుచుకుపడుతుంది. రికార్డింగులో మాస్టారు చెవులు మూసుకున్నారు. "ఆ బాదుడేంటమ్మా! మెత్తటి పరుపు మీద పడుకోబెట్టి నడ్డి మీద తన్నినట్టుంది" అని ఆ ముక్క కత్తిరించి పారేశారు. నేను ఊఁ అన్నాను. ఊఁ అనడం నాకు కీబోర్డు కంటే ముందే వచ్చిన విద్య.

పోయిన ఆదివారం మా ఆయన తన మేనేజరుగారిని, ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచారు. నా ఆల్బమ్‌కి అభినందన సభట. అభినందన నాకు, వంటా నేనే. పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే నిలబడ్డాను. అందరూ వచ్చి కూర్చున్నాక మా ఆయన నా చెవిలో, "ఏదైనా వాయించు. మాటలకి అడ్డు రాకుండా, మెల్లగా" అన్నారు. కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్ళి కూర్చున్నాను.

వాయిస్తుంటే వాళ్ళు తింటున్నారు. ప్రమోషన్ల గురించి, ఎవరిదో కొత్త కారు గురించి మాట్లాడుకుంటున్నారు. "దీని వెనకాల ఎంత ప్రోత్సాహం కావాలో మీకు తెలీదు సార్. నేను పట్టుబట్టి చేయించాను" అంటున్నారు మా ఆయన. ఆడపడుచు నా పక్కకి వంగి, "వదినా, ఈ పాటవగానే కాస్త పెరుగు తెచ్చిపెట్టు" అంది. ఫ్రిజ్ ఆమె వీపు వెనకాలే ఉంది.

అప్పుడు మేనేజరుగారు చెంచా పైకెత్తి, "ఆ చేతులు చూశారా? కోపమంటే తెలియని చేతులండీ అవి. అదృష్టవంతుడివయ్యా!" అన్నారు మా ఆయనతో.

ఆరో పాట అప్పటికే సగంలో ఉంది. మాస్టారు కత్తిరించిన చోటు వచ్చింది. నేను ఆగలేదు. ఎడమ చెయ్యి ఆ స్వరాన్ని పట్టుకుంది. వాల్యూమ్ మొత్తం తిప్పేశాను. ముందు మాటలు ఆగాయి, తర్వాత చెంచాలు ఆగాయి. ఎవరో దగ్గారు. నా భుజాలు అదురుతున్నాయి, చెమట కంట్లోకి దిగుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. దుప్పట్లు, కప్పులు, ఊఁలు, అన్నీ వేళ్ళలోంచి బయటికొచ్చాయి.

"ఏదో తప్పు నొక్కినట్టుంది" అని మా ఆయన నవ్వబోయారు.

"తప్పు కాదురా" అన్నారు అత్తగారు, కంచంలోకి చూస్తూనే. "మీ నాన్న గదిలో రోజూ ఇదే కొట్టేది. నాకు టకటకే వినిపించేది. లోపల ఇంత ఉందనుకోలేదు."

పాట పూర్తయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజరుగారి భార్య మాత్రం తినడం మానేసి, తన ఎంగిలి చెయ్యి వంక చూసుకుంటూ కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా మణికట్టు గట్టిగా నొక్కి వదిలింది. బాగుందని గానీ, హాయిగా ఉందని గానీ అనలేదు.

అందరూ వెళ్ళాక సింకు నిండా గిన్నెలు. నేను వాటి దగ్గరికి పోలేదు. హాల్లో నిలబడే మాస్టారికి ఫోన్ చేశాను. ఆరో పాట మొత్తం పెట్టమన్నాను.

"జనానికి నచ్చిన దాన్ని చెడగొట్టుకుంటావా తల్లీ? వాళ్ళంతా నీ దగ్గరికి హాయి కోసం వస్తున్నారు."

"నా పాట మొత్తం పెట్టండి. లేదంటే నా పేరు తీసేయండి. హాయి మీ పేరుతో అమ్ముకోండి."

ఆయన కాసేపు గొణిగి, చివరికి సరేనన్నారు.

ఫోన్ పెట్టేసి తిరిగితే మా ఆయన ఎదురుగా ఉన్నారు. మొహం ఎర్రగా ఉంది. "నలుగురిలో నా పరువు తీశావు. అసలు ఎవరి మీదే నీకంత కోపం?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను తిట్టారు, మెచ్చుకున్నారు, పనులు పురమాయించారు. నా లోపల ఏముందని అడగడం మాత్రం ఇదే మొదటిసారి. కుర్చీ ఒకటి ఆయన వైపు జరిపి, ఇంకోటి నేను లాక్కున్నాను.

"కూర్చోండి, చెప్తాను. మధ్యలో నన్ను కాఫీ అడక్కండి."