మెట్ల మీద చెప్పిన సలహా

లాయరు లైసెన్సు కోసం ఆమె కట్టిన ఫీజులకు పేర్లు వేరుగానీ దారి ఒక్కటే, ఇంట్లోంచి బయటికి. పాత డిగ్రీని పరిశీలించడానికి ఒక ఫీజు. పరిశీలించి, ఇది చాలదని చెప్పడానికి ఇంకో ఫీజు. తక్కువైన పాఠాలు చదవడానికి, చదివినవి పరీక్ష రాయడానికి, తప్పితే మళ్ళీ రాయడానికి వేరే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి ఇవ్వనని చెప్పడానికి కూడా రసీదు చింపేవాడు.

సొంత దేశంలో పుష్కరకాలం సివిల్ కోర్టులో వాదించిన మనిషి. "ప్లీడరమ్మ గారు వచ్చారా?" అని జడ్జిలే అడిగి మరీ కేసు పిలిపించేవారు. ఇక్కడ ఒక లాయరు ఆఫీసులో ఫైళ్ళకు నంబర్లు వేస్తోంది. ఆ జీతం ఫీజులకు ఏ మూలకీ వచ్చేది కాదు. ఆమె బంగారు గాజులు ముందే అమ్ముడుపోయాయి, తర్వాత భర్త కారు అమ్మి బస్సెక్కాడు. "ఫీజు ఇద్దరం కడుతున్నాం, పాసయ్యేది మాత్రం నువ్వొక్కదానివే" అని నవ్వేవాడు. ఈ మధ్య ఆ నవ్వు కూడా తగ్గించేశాడు.

అయినా పరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది నడవడిక విచారణ. లైసెన్సు బోర్డు వాళ్ళు పిలిచి, నువ్వు నిజాయితీ గల మనిషివేనా అని అడుగుతారు. దానికీ ఫీజే. అది దాటితే మళ్ళీ కోర్టు మెట్లెక్కవచ్చు.

సరిగ్గా అక్కడే మనవాళ్ళ అలవాటొకటి కొంప ముంచింది. మనవాళ్ళకు మనిషిని పేరు పెట్టి పిలిస్తే తోచదు. నాలుగు రోజులు పాఠం చెప్పినవాడు చచ్చేదాకా మాస్టారే, ఒకసారి సూది పొడిచినవాడు డాక్టరు గారే. ఆమె ఈ దేశంలో దిగిన నాటి నుంచీ ఆ అపార్టుమెంటులోని తెలుగువాళ్ళందరికీ ప్లీడరమ్మే. ఆమె కూడా పలికేది. రోజంతా నంబర్లు వేసి ఇంటికొస్తుంటే ఆ పిలుపొక్కటే కాస్త ప్రాణం పోసేది మరి. కానీ ఇక్కడి చట్టం ప్రకారం లైసెన్సు లేనివాళ్ళు లాయర్లమని చెప్పుకోకూడదు, ఒక్క సలహా కూడా ఇవ్వకూడదు.

ఒక సాయంత్రం కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఆమెను మెట్ల మీద ఆపాడు. చేతిలో ఇంటి ఓనరు పంపిన కాగితం.

"ప్లీడరమ్మా, సంతకం పెట్టమంటున్నాడు. పెట్టెయ్యనా?"

"నేనేం చెప్పకూడదు బాబాయ్ గారూ. ఇంకా లైసెన్సు రాలేదు."

"చెప్పొద్దులే. ఊరికే ఒకసారి చూడు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తెలిసీ చూసింది. ఇల్లు తన ఇష్టప్రకారమే ఖాళీ చేస్తున్నాననీ, కట్టిన అడ్వాన్సు వదులుకుంటున్నాననీ మధ్యలో ఎక్కడో ఇరికించి ఉంది. కోర్టులో అరిగిన నోరు ఊరుకుంటుందా?

"పెట్టకండి. వెనక్కి పంపేయండి" అంది.

పెద్దాయన ఇల్లు నిలిచింది. ఆ సంతోషమేదో ఆయన కడుపులో దాచుకున్నా బాగుండేది. పోయి పోయి ఆమె మరిదితో చెప్పాడు. మరిది ఫోన్ల రిపేరు షాపు నడుపుతాడు. వదినంటే ప్రాణం, ఒక పరీక్ష ఫీజు తనే కట్టాడు కూడా. వదినకు మేలు చేద్దామని షాపు పేజీలో ఆమె ఫొటో పెట్టి, "మా వదిన పెద్ద లాయరు. మా పెద్దాయన ఇల్లు నిలబెట్టింది. అద్దె గొడవలుంటే మా షాపులో అడగండి" అని రాశాడు. అందరికీ అర్థం కావాలని ఇక్కడి భాషలోనూ రాశాడు. ఇంటి ఓనరుకు బాగానే అర్థమైంది. దాన్ని బోర్డుకు పంపాడు.

సంగతి తెలిసి మరిది లబోదిబోమన్నాడు. "గొప్ప కోసం అబద్ధం రాశానని నేనే చెప్పేస్తా వదినా. నువ్వేం చెప్పలేదను, అంతే."

"లేదు అని ఒక్క మాట" అన్నాడు భర్త. "మళ్ళీ కట్టడానికి మన దగ్గర అమ్ముకునేదేం మిగల్లేదు."

"నిజాయితీ ఉందా అని అడిగే చోట అబద్ధంతో మొదలుపెట్టమంటారా?"

"మొదలుపెట్టమనట్లేదే, ముగించమంటున్నా."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది?

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. నడుమ ఉన్నావిడ ఆ పేజీని ఆమె ముందుకు జరిపి, "సలహా ఇచ్చారా?" అని అడిగింది.

"ఇచ్చాను" అంది ఆమె.

నిజం చెప్పినందుకు మెచ్చుకున్నారు. లైసెన్సు మాత్రం రెండేళ్ళ దాకా లేదన్నారు. ఈలోగా మళ్ళీ ఎవరికైనా సలహా చెబితే ఇక ఎప్పటికీ రాదన్నారు. మెచ్చుకున్నందుకు ఫీజు అడగలేదు, అదే పదివేలు.

వారం తిరక్కుండా తలుపు చప్పుడైంది. పెద్దాయన.

"ప్లీడరమ్మా, వాడు మళ్ళీ పంపాడు. అంతా మార్చేశాట్ట. ఒక్కసారి చూడు తల్లీ."

చూడకూడదనుకుంటూనే చూసింది. మార్చింది మాటలే, మోసం అక్కడే ఉంది. భర్త వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నేను ప్లీడర్ని కాను బాబాయ్ గారూ. లైసెన్సున్న లాయరుకు చూపించండి."

"ఎంత తీసుకుంటాడు?"

తన ఆఫీసులో తీసుకునేదెంతో చెప్పింది. ఆయన నెల అద్దె కంటే ఎక్కువ.

పెద్దాయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. "అంతా? అంత నేనెక్కడ తేనమ్మా? పోనీలే, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. ఈసారి ప్లీడరమ్మా అనలేదు. రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగిపోతున్నాడు.

ఒళ్ళు మండిపోయింది ఆమెకు. బోర్డు మీదా, ఓనరు మీదా, మరిది మీదా, ఈ ముసలాయన మీదా. గాజులు ఇచ్చింది, కారు ఇచ్చింది, ఉన్న వయసంతా ఇచ్చింది. ఇప్పుడు నోరు కూడా కట్టేసుకోమంటే ఆ ఓర్పు ఎక్కడినుంచి తెస్తుంది?

"బాబాయ్ గారూ, ఆగండి! పెన్ను ముట్టుకోకండి!" అని అరుస్తూ చెప్పులు లేకుండానే మెట్లు దిగింది.

"అయిపోయింది" అన్నాడు భర్త గుమ్మానికి చేరగిలబడి. ఆయనన్నది నిజమే.