ఎమ్లిన్ పెనంలో తెల్లపూసలు

నేను టీ కప్పులు కడుగుతున్నాను. పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. ఇంటికొచ్చిన పనివాడికి గంటకో టీ ఇవ్వకపోతే మా నానమ్మకు తోచదు. బయట గెథిన్ మా పాత ఇంటి గోడకు రంధ్రాలు వేసి, రెండు ఇటుక వరసల మధ్య ఖాళీలోకి గొట్టంతో చలి ఆపే థర్మోకోల్ తెల్లపూసలు ఊదుతున్నాడు. పడకగది వెచ్చబడకపోతే చలికాలమంతా మా మేనత్త ఇంట్లో ఉండాల్సిందేనని డాక్టరు నానమ్మకు చెప్పేశాడు. అత్త ఇల్లంటే ఆమెకు జైలే.

ఇంతలో పక్కింటి ఎమ్లిన్ చేతిలో పెనంతో మా వంటింట్లోకి వచ్చాడు. మా రెండిళ్లకూ ముందు గోడ ఒక్కటే. తన వైపు మాత్రం పూసలు పోయనివ్వనని పంతం పట్టిన మనిషి.

"ఈ వేల్స్ వానకు గోడకు గాలాడాలని ముందే చెప్పానా లేదా? వంటింటి పైపు కంతలోంచి పూసలు నా గుడ్లమీద రాలుతున్నాయి!"

"ఉప్పెక్కువైందా ఎమ్లిన్?" అంది నానమ్మ.

అరుపు విని లోపలికొచ్చిన గెథిన్ నాలుక కరుచుకున్నాడు. "పూసలు అటు పోకుండా రెండిళ్ల మధ్య గోడలో అడ్డంగా బ్రష్ దూర్చాలి సార్. పెద్దమ్మ టీకి పిలిచేసరికి మరిచాను. మీ వైపు పూసలు తీయాలంటే ఈమె వైపువీ పీల్చేయాలి. ఉంచుకుంటానంటే ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

"తీసెయ్యి నాయనా" అంది నానమ్మ. "మా అమ్మాయి దగ్గరికి పోతాను. అక్కడ టీ కూడా కొలిచి పోస్తారు. ఎమ్లిన్, నువ్వు పోట్లాడ్డానికి ఇంకెవర్నైనా చూసుకో."

ఎమ్లిన్ పెనం బల్లమీద పెట్టాడు. గెథిన్ జేబులోంచి పెన్ను లాక్కుని సంతకం గీకాడు. తర్వాత వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.