మోగినందుకే బిల్లు

బిల్లుల సాఫ్ట్‌వేర్ మార్చినప్పటి నుంచి నాకు వంటింట్లో ఒక్క పోపు కూడా స్థిమితంగా పెట్టుకునే వీలు లేకుండా పోయింది. మా ఆయన రాఘవేందర్‌కు బోయిగూడలో చిన్న ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ ఉంది. ఆఫీసు కింద, ఇల్లు పైన. కింద ఎవరూ ఎత్తకపోతే ఫిర్యాదుల ఫోను పైకి, అంటే నాకు వస్తుంది. కింద ఎవరూ ఎత్తరు.

పాత సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏటేటా లైసెన్సు పెంచుతున్నారని మా మరిది సత్యదేవ్ ఓపెన్ సోర్స్‌ది తెచ్చి పెట్టాడు. దాన్ని ఎవరైనా ఊరికే దింపుకోవచ్చట, లోపల ఎలా రాశారో తెరిచి చూడవచ్చట, కావలసినట్టు మార్చుకోవచ్చట. ప్రతి కాలూ ఎంతసేపు నడిచిందో చూసి, దానికి రేటు కట్టి బిల్లు వేస్తుంది. తెరిచి చూడవచ్చు సరే, ఇంతవరకు ఎవరు చూశారని నేను అడగలేదు.

ఆ రోజు పొద్దున కమలాబాయి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏందీ సుకన్యా గిది? నేను మాట్లాడని ఫోన్లకు బిల్లేసి, కట్టలేదని లైను కట్ చేసిన్రు!"

ఆమె మా వీధి చివర వండి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు మధ్యాహ్నం భోజనం డబ్బాలు పంపుతుంది. ఆటో గేటు చేరగానే ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఒకసారి మోగగానే పెట్టేస్తుంది. వాళ్ల చేతులకు గ్రీసు ఉంటుంది, ఎవరూ ఎత్తరు. ఆమె నంబరుకు పెట్టుకున్న ట్యూన్ జేబులో మోగితే డబ్బా వచ్చిందని అర్థం. వేరే నంబరు మోగితే ఎవరో లోను ఇస్తామనేవాళ్లని కదలనే కదలరు.

"నిన్న డబ్బాలన్నీ గేటు కాడనే సల్లారినయి. ఇయ్యాల సుత గట్లనే అయితే ఇగ క్యాంటీన్‌ల తింటమన్నరు. నేను పొయ్యి బందు పెట్టి కూసోవాల్నా?"

స్టవ్ ఆపి ఆమెతో కిందికి దిగాను. అన్నదమ్ములిద్దరూ ఒకే తెరను చూస్తూ చెరో మాట అంటున్నారు.

"అక్కా, ఇగో చూడు," అన్నాడు సత్యదేవ్ కమలాబాయితో. "అన్నీ ఎత్తిన కాల్సే అని చూపిస్తుంది. ఒక్కొక్కటి పదిహేను సెకన్లు."

"గా పదిహేను సెకన్లల నేనేం ముచ్చట పెట్టిన్నో గది సుత చూపియ్యి మరి," అంది కమలాబాయి.

"ఫుకట్‌ది పెడితే గిట్లనే అయితది. నేను ముందే చెప్పిన," అన్నాడు మా ఆయన.

"ఎప్పుడు చెప్పినవన్నా? పైసలు మిగులుతయని ఖుషీ అయినవ్. ఇది వాడేటోళ్ల ఫోరంల అడిగిన వదినా, జవాబు వస్తది."

"ఎప్పుడొస్తది?" అన్నాను.

"బ్రెజిల్‌ల ఒకాయనకు బాగ తెలుసు. ఇప్పుడు ఆడ రాత్రి."

బ్రెజిల్ ఆయన నిద్ర లేచి, మొహం కడుక్కుని మాకు జవాబు రాసేసరికి లాలాగూడలో అందరూ క్యాంటీన్‌లో చేతులు కడుక్కుంటారు. ఆఫీసు ఫోను కమలాబాయి చేతికిచ్చాను.

"అక్కా, మీరు రోజు ఎట్ల చేస్తరో అట్లనే నాకు చెయ్యండి."

ఆమె నా సెల్లు నంబరు కొట్టింది. నా సెల్లు మోగలేదు. రిసీవరులోంచి మాత్రం మా ఆయన గొంతు ఖణేల్మని వినిపించింది. నమస్కారమట, బోనాల శుభాకాంక్షలట, మా కంపెనీని ఎంచుకున్నందుకు ధన్యవాదాలట. అంతా అయ్యాక గానీ నా సెల్లు మోగలేదు. మోగగానే కమలాబాయి పెట్టేసింది.

"గిది రోజు ఇంటున్న," అంది. "బోనాలు పోయినయి, వినాయకులు సుత మునిగిన్రు. సారు ఇంక శుభాకాంక్షలు చెప్తనే ఉన్నడు."

"సత్యా, ఇది ఎట్ల పెట్టినవ్?" అని అడిగాను.

"కాల్ పోకముందే తన గొంతు అందరికీ వినపడాలని అన్న చెప్పిండు. గందుకే మన మిషినే ముందు కాల్ ఎత్తి, అన్న గొంతు వినిపిచ్చి, అప్పుడు అటు..." అంటూ ఆగిపోయాడు.

మా మిషను ఎత్తితే సాఫ్ట్‌వేర్ దృష్టిలో కాల్ ఎత్తినట్టే. అది తనకు చెప్పిందే లెక్క కట్టింది. కమలాబాయి ఇన్నాళ్లూ మా ఆయన పలకరింపు విన్నందుకు బిల్లు పడింది.

"మంచిగ చెప్పిన కదా," అన్నాడు మా ఆయన, ఎవరూ అడగకపోయినా.

సత్యదేవ్ పలకరింపు తీసేశాడు. మళ్లీ ప్రయత్నిస్తే నా సెల్లు వెంటనే మోగింది, పెట్టేశాక తెర మీద 'ఎత్తలేదు' అని పడింది. కమలాబాయి లైను కూడా తెరిచాడు.

"అక్కది ఒక్కటి సరిచెయ్యిరా," అన్నాడు మా ఆయన. "మిగిలినోళ్లు ఎవరు అడగలే కదా."

"అందరూ విన్నది మీ గొంతే కదండీ. అందరివీ మళ్లీ లెక్క కట్టాలె."

"అందరివా? నువ్వు ఎవల దిక్కు?"

"బిల్లు కట్టేటోళ్ల దిక్కు."

సత్యదేవ్ అన్న వైపు చూడకుండానే మీట నొక్కాడు. పాత కాల్స్ అన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ లెక్కకు వెళ్లడం మొదలైంది. మా ఆయన కుర్చీ అటు తిప్పుకున్నాడు. కమలాబాయి అప్పటికే గుమ్మం దాటింది. ఆటో బయలుదేరే వేళయింది.

మధ్యాహ్నం ఆమె నుంచి ఫోను వచ్చింది. ఈసారి మాట్లాడింది.

"అందరు బయటికొచ్చి తీస్కపోయిన్రు సుకన్యా. ఇద్దరు మాత్రం క్యాంటీన్‌ల నెల టోకెన్లు కొనేసిన్రంట, ఇగ రారు. గా డబ్బాలు రెండూ ఆటోల మీ ఇంటికే పంపిస్తున్న. సారుకు పెట్టు."

డబ్బాలు వచ్చాక ఆయన ముందు పెట్టాను. రెండూ తిన్నాడు. పప్పులో జర ఉప్పు తక్కువైందన్నాడు.