రూబేన్ పేరున్న క్యాసెట్

నేను ఒక క్యాసెట్‌ని. పేరు 'పట్టాలు'. సికింద్రాబాద్ హార్డ్ రాక్ బ్యాండ్ 'ఉక్కుగాలి' తెచ్చిన రెండో ఆల్బమ్‌ని. మొదటిదాన్ని చుట్టాలు కూడా కొనలేదట. నేను వచ్చాకే ఊరూరా కచేరీలకు వాళ్లను పిలిచారు. గొప్పలు పోతున్నానని అనుకోకండి, నా కడుపులో ఒక అబద్ధం ఉంది.

నా అట్ట మీద 'డ్రమ్స్: రూబేన్' అని ఉంటుంది. రూబేన్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. స్టూడియోలో పాటలన్నిటికీ తానే వాయించాడు. ఒక్కో దెబ్బ ఒక్కో బరువుతో పడుతోందని, అతడు డ్యూటీకి వెళ్లినప్పుడు క్యాసెట్ కంపెనీవాళ్లు ఆ వాయింపు చెరిపేసి డ్రమ్ మెషిన్ పెట్టారు. బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ తలూపారు. పేరు మాత్రం ఉంచారు, స్నేహం కదా!

విడుదలైన రోజే రూబేన్ నన్ను విని సంగతి గ్రహించాడు. ఎవరినీ ఏమీ అనలేదు. జనం మాత్రం కచేరీల్లో అచ్చం క్యాసెట్‌లో ఉన్నట్టే కావాలన్నారు. పాపం రూబేన్, నన్ను తిప్పి తిప్పి విని, ఆ యంత్రం దెబ్బలనే నేర్చుకుని వాయించాడు. చప్పట్లు మోగినప్పుడల్లా తల దించుకునేవాడు. మూడో ఆల్బమ్‌కి పట్టుబట్టి తానే వాయించాడు. 'రూబేన్ చేతిలో పాత పస లేదు' అని పత్రికలు రాశాయి. ఆ ఆల్బమ్‌తోనే బ్యాండ్ చెదిరిపోయింది. మనుషుల చెవుల మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే.

ఇన్నేళ్లకు మొన్న చర్చి యువజనులు రూబేన్‌కు సన్మానం తలపెట్టారు. సభలో వినిపిస్తానని కూతురు ఎస్తేరు నన్ను బీరువాలోంచి తీసింది. రూబేన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. దీంట్ల వాయించింది నేను గాదు, మిషిను. ఇన్నేండ్లు నీకు చెప్పనీకి సిగ్గయింది."

ఎస్తేరు నా అట్ట మీద ఆయన పేరు చూసింది. "మరి నువ్వు ఏడున్నవ్ డాడీ?" అని అడిగింది.

ఆయన నన్ను టేప్‌రికార్డర్‌లో పెట్టి చివరి పాట దాకా తిప్పాడు. పాట ఎత్తుకునే ముందు డ్రమ్మర్ రెండు స్టిక్స్‌నీ నాలుగుసార్లు కొట్టి మిగతావాళ్లకు లయ అందిస్తాడు. అన్ని పాటల్లోనూ దాన్ని కత్తిరించారు. ఇక్కడొక్కచోట మరిచిపోయారు.

టక్, టక్, టక్, టక్.

గిటార్ అందుకునేలోపే ఆయన ఆపేశాడు. "గింతే బిడ్డా," అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

"గిదే వినిపిద్దాం డాడీ," అంది ఎస్తేరు. ఆయన కాదనలేదు.

సాయంత్రం నిండు సభలో ఆ నాలుగు దెబ్బలూ మోగాయి. ఎస్తేరు నన్ను ఆపి, మైకు దగ్గరకు వంగింది.

"గీ క్యాసెట్ల మా డాడీ వాయించింది గిదొక్కటే," అంది. రూబేన్ తల ఎత్తుకునే కూర్చున్నాడు.