నిమ్మకాయల బండిలో సగం శాలువా

నేను ఒక శాలువాను. ఇప్పుడు సగమే ఉన్నాను. నిండుగా ఉన్నప్పుడు కూడా నావల్ల ఎవరికీ చలి ఆగింది లేదు. మరమగ్గం మీద పుట్టాను. ఒళ్లు ఎరుపు, అంచుకు ఇత్తడి రంగు జరీ. ఒక పెద్దమనిషి నన్ను మరో పెద్దమనిషికి కప్పి ఫోటో తీయించుకునేవాడు. ఆయన మడత నలగకుండా ఇంకొకరికి కప్పేవాడు. ఏ ఇంట్లోనూ నన్నెవరూ విప్పి దులిపిన పాపాన పోలేదు.

చివరికి నెల్లూరు పక్కన ఒక బండ్ల షోరూములో తేలాను. ఉత్తమ సేవ చేశాడని మేనేజరు మురళీధర్‌కు కప్పారు. ఫోటో ఆయన కుర్చీ వెనక గోడెక్కింది. నేను బీరువా ఎక్కాను. ఒకనాడు వెనక రిపేరు షెడ్డులో తుడుపు గుడ్డలు అయిపోతే ఆయనే నన్ను తీసిచ్చాడు. మెకానిక్ మస్తాన్ నిలువునా రెండుగా చింపాడు. ఒక సగం చేతులు కడిగేచోట మేకుకు వేలాడింది. రెండో సగం నేను.

అప్పుడొచ్చింది పెంచలయ్య బండి. తోటల నుంచి పొదలకూరు యార్డుకు నిమ్మకాయలు తోలే ట్రాలీ ఆటో. వారంటీ ఇంకా ఉంది. అడుగున ఆయిలు కారుతోంది. మస్తాన్ ఇంజను కింది ఆయిలు తొట్టి దించి, దుమ్ము లోపలికి పోకుండా సందులో నన్ను కుక్కాడు. అదే వేళకు బయట కొత్త బండి కొన్నవాళ్లకు దుర్ముహూర్తం తరుముకొస్తోంది.

"మస్తానూ, అది తర్వాత చూద్దువుగానీ, ముందు వాళ్ల బండి బయటికి తియ్," అని మేనేజరు కేకేశాడు.

చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు పెంచలయ్య బండిలోవే తెచ్చారు. మస్తాన్ అటు పోగానే ఇంకొకడు వచ్చి తొట్టి బిగించేశాడు. బయట నిమ్మకాయలు నలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నేను లోపలే ఉండిపోయాను.

కాగే ఆయిల్లో నానాను. అన్ని సభలు భరించిన నాకు అదో లెక్క కాదు. కొన్నాళ్లకు ఆయిలు పీల్చే జల్లెడ కనిపిస్తే దాన్ని కప్పేశాను. కప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఆయిలు అందక నడిరోడ్డు మీద ఇంజను పట్టేసింది. బండినిండా కాయలు ఎండకు వడిలిపోయాయి.

"ఆయిలు లేకుండా తోలుంటావు. దానికి వారంటీ రాదు," అన్నాడు మేనేజరు.

"పోసింది మీరే గద సార్. నా బండి ఇంకో షెడ్డు మొహం చూళ్లే. ఇప్పి చూడండి."

"ఇప్పినాక నీ తప్పని తేలితే కొత్త ఇంజను నువ్వే కొనుక్కోవాల."

 బండి లేకపోతే పెంచలయ్య మళ్లీ యార్డులో బస్తాలు మొయ్యాలి. నడుం ఇప్పటికే చెప్పిన మాట వినడంలేదు. అయినా "ఇప్పండి," అన్నాడు.

మస్తాన్ నన్ను బయటికి లాగాడు. డీజిల్లో ముంచి పిండితే జరీ మెరిసింది. అతను నన్ను గుర్తుపట్టాడు. మేనేజరు నన్ను తీసుకుపోయి తన బల్ల మీద పడేశాడు.

"చూశావా, బయట ఎవడో చెయ్యి పెట్టాడు. ఇట్టాంటి గుడ్డలు మేం వాడం."

పెంచలయ్య నన్ను చూశాడు. తర్వాత మేనేజరు తలకాయ మీదుగా గోడ వైపు చూశాడు.

"మీరు వాడుండారు గద సార్. అదో, ఫోటోలో."

మేనేజరు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. "అట్టాంటివి ఊరంతా ఉంటాయ్," అన్నాడు.

మస్తాన్ బయటికి పోయి, మేకుకున్న సగం తెచ్చి నా పక్కన పరిచాడు. చిరుగుకు చిరుగు అతికింది.

"నేనే చింపినా సార్. మీరిచ్చిందే," అన్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఉద్యోగం ఊడలేదు. మస్తాన్‌ను పంపేస్తే, పోయినచోట ఈ కథ చెబుతాడని మేనేజరు భయం. వారంటీ కిందే కొత్త ఇంజను వచ్చింది. బండి అప్పగించేరోజు, సంతృప్తి చెందిన కస్టమరని మేనేజరే పెంచలయ్యకు ఒక కొత్త శాలువా కప్పి ఫోటో తీయించాడు. పెంచలయ్య ఫోటో అయ్యేదాకా కదలకుండా నిలబడి, దాన్ని తీసి మస్తాన్ చేతిలో పెట్టాడు.

"తుడుచుకోడానికి ఉంచుకోన్నా. లోపల మాత్రం పెట్టబాక."

నన్ను తనతో తీసుకుపోయాడు. పొద్దున్నే ఆయిలు కొలిచే కడ్డీ తీసి నాతో తుడుస్తాడు, మళ్లీ ముంచి చూస్తాడు, "ఉండాది," అనుకుని బండెక్కుతాడు. నాకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

మేనేజరు ఫోటో గోడ దిగిందట. ఆ మేకుకు ఇప్పుడు పెంచలయ్య ఫోటో ఉంది. అందులోని శాలువా ఈపాటికి ఎన్ని ముక్కలైందో, ఏ బండిలో ఉందో.