పేరు లేని అంకెలు

హైదరాబాద్ పరిశోధనశాల నుంచి వచ్చిన మెయిలును మార్కండేయ నిజామాబాద్ బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కాగితం మీద తీయించుకుని, నవీపేట్ బస్సులో నాలుగోసారి చదివాడు. మీ అంకెలు పంపండి, లోకంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెడతాం అని ఉంది. అయితే ప్రతి అంకెకూ అది ఏ అణువుదో, ఏ పద్ధతిలో లెక్కగట్టారో, ఏ కొలతలో ఉందో జతచేయాలట. మనిషే కాదు, యంత్రం కూడా చదివి అర్థం చేసుకోవాలట. లెక్కగట్టినవారి పేర్లు పక్కనే ఉంటాయి. ఆ చివరి మాట కోసమే అతను ఆరు నెలలుగా తిరుగుతున్నాడు.

బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో మార్కండేయ కెమిస్టు, వీరస్వామి అటెండరు. అటెండరన్నది పేరుకే, పని ఇద్దరిదీ ఒక్కటే. పద్దెనిమిదేళ్లలో ఏ కాగితం మీదా వీరస్వామి పేరు ఎక్కలేదు, సంతకం కెమిస్టుది. చెరుకు లేని నెలల్లో ల్యాబు కంప్యూటర్ ఖాళీ. ఉచితంగా దొరికిన ప్రోగ్రాం పెట్టి, చక్కెర అణువులు ఎన్ని వంపులు తిరుగుతాయో, ఒక్కో వంపుకు ఎంత శక్తో లెక్కగట్టారు. వంపులు అమర్చేది వీరస్వామి. ఇంటర్ తప్పినవాడికి ఆ చూపు ఎక్కడిదో ఆ దేవుడికే ఎరుక. మార్కండేయ అంకెలు ఎక్కించేవాడు. ఆరేళ్లలో నాలుగు వేల పైచిలుకు.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. కంప్యూటర్ తుక్కు కింద పోయింది. నిరుడు వీరస్వామి గుండె ఆగింది. మిగిలింది ఒక్క ఫ్లాపీ, దాని నిండా అంకెలే, ఒక్క పేరూ లేదు. ల్యాబు అలవాటది. పలక మీద వరుసగా ఐదంకెలు రాస్తే మొదటిది చెరుకు పచ్చిరసం, చివరిది చక్కెర తీశాక మిగిలే మడ్డి అని గుడ్డివాడికైనా తెలుసు. పేర్లు రాసేవాడిని చూసి నవ్వేవారు.

ఆ పేర్లు వీరస్వామి నోటుబుక్కుల్లోనైనా ఉంటాయేమోనని మార్కండేయ నవీపేట్‌లో వాళ్లింటికి రాగానే, అతని భార్య శారమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచింది.

"ఆయన రాసినయన్నీ సందుకల దాసిన సార్. ఒక్క కాయితం పారెయ్యలే."

ఆ రేకుపెట్టెలో తొమ్మిది నోటుబుక్కులు. మొదటి పేజీ తెరవగానే మార్కండేయ కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండు అంకెలు, ప్రతిదాని పక్కన అణువు పేరు, వంపు, పద్ధతి, కొలత, తేదీ. ఇవాళ హైదరాబాద్‌వాళ్లు ఏమడుగుతున్నారో అదంతా, ఎవరూ అడగకముందే, ముత్యాల్లాంటి అక్షరాల్లో.

పేజీ తిప్పాడు. అంకెలు. ఇంకోటి తిప్పాడు. అంకెలే. తొమ్మిదో బుక్కు చివరిదాకా అంకెలే.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ మొదటి రోజు వీరస్వామి భుజం మీదుగా తొంగిచూసి తానే అన్నాడు: "పెండ్లిల కట్నాలు రాసినట్టు ఇంటిపేరుతోని రాస్తున్నవేందయ్యా. మనకు తెల్వదా?" ల్యాబంతా నవ్వింది. వీరస్వామీ నవ్వాడు, మరునాటి నుంచి మానేశాడు.

ఆ పదకొండూ చేయి తిరగడానికి చేసిన గ్లూకోజు లెక్కలు, పుస్తకాల్లో ఉన్నవే. మిగతావి మళ్లీ లెక్కగట్టడం ఇప్పటి కంప్యూటర్లకు ఎంతసేపు? కానీ అది మళ్లీ గట్టినవాడి పని అవుతుంది. తోచిన పేర్లు అతికిస్తే, వాటిని నమ్మి ఎవడో మందు చేయబోతాడు. అంత పాపం మార్కండేయ చేయలేడు.

"ఆయన పేరొస్తదని చర్చిల పాస్టరయ్యకు గూడ చెప్పిన," అంది శారమ్మ. "దొరికినయా సార్?"

"అన్నీ రాసుడు షురూ చేసిండు చెల్లె. నేనే వద్దన్న."

శారమ్మకు వెంటనే అర్థం కాలేదు. బుక్కు వైపు చూసింది, అతని వైపు చూసింది.

"పోనీ, మీకు యాదికి లేవా? పద్దెనిమిదేండ్లు ఆయన పక్కనే కూసుంటిరి గద."

మార్కండేయ తల దించుకుని బుక్కులు ఒక్కొక్కటే మళ్లీ సందుకలో పెట్టాడు.