మూడో ఫేస్‌లో మొదటి బండి

వినుకొండ అవతలి గనిలో ఆఫీసు గదికి ఏసీ ఉంది, కుర్చీకి చక్రాలున్నాయి. యలమందయ్య కూతురు బిందుమాధవి మైనింగ్ డిప్లొమా చేసి ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి, ఆయన మిరపచేలో కూలీలకి రోజూ అదే కబురు. పాపం, వాళ్లకి కంఠతా వచ్చేసింది.

చెప్పుకోవడానికి ఆమె పని తేలికే. భూమి లోపల తవ్వుకుంటూ పోయే చివరి గోడని ఫేస్ అంటారు. ఆ గనిలో అలాంటివి మూడు. ఏ ఫేస్ నుంచి ఎన్ని బండ్ల ఖనిజం కదిలిందో మేస్త్రీలు బోర్డు మీద సుద్దతో గీసి, షిఫ్టు దిగాక ఫోటో పంపుతారు. బిందుమాధవి ఆ గీతలు లెక్కపెట్టి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంది. పైవాళ్లు చూసేది ఆ అంకెలనే.

ఆ అంకెలే మూడో ఫేస్ కొంప ముంచాయి. రోజుకి ఎనిమిది బండ్లు రావాలి. నలభై రోజులుగా ఏడే. అక్కడ రాఘవులు మేస్త్రీ ముఠా అంతా చుట్టుపక్కల పత్తి, మిరప రైతులే, పదేళ్లుగా కలిసి తవ్వుతున్నవాళ్లు. సోమవారం నుంచి ఆ ఫేస్ మూసేసి, ముఠాని తలో చోటికీ పంపేస్తామని మేనేజరు లక్ష్మీకాంత్ తేల్చేశాడు.

బిందుమాధవికి ఒకటి మింగుడుపడలేదు. ఖనిజాన్ని నలగ్గొట్టే క్రషర్ దగ్గరి తూకం ఆమె లెక్క కన్నా రోజూ ఒక బండి ఎక్కువ చూపిస్తోంది. కాటా పాడైందని అందరూ కొట్టిపారేశారు. పాడైన కాటా రోజూ సరిగ్గా ఒక్క బండే తప్పుతుందా? శనివారం పొద్దున్నే అనుమతి అడిగి, టోపీ లైటు పెట్టుకుని తనే మూడో ఫేస్‌లోకి దిగింది.

మొదటి బండి కదిలింది. రాఘవులు సుద్దముక్క తీసి బోర్డు మీద సున్నా చుట్టి, "లాభం" అన్నాడు. రెండోది కదిలాక గీత గీసి, "రెండు" అన్నాడు.

ఆమెకి చెంప ఛెళ్లుమన్నట్టయింది. కల్లంలో నాన్న మిరప టిక్కీలు, అదే బస్తాలు, లెక్కపెట్టేదీ ఇలాగే. ఒకటి అనడు, లాభం అంటాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అది వింటూ పెరిగిన పిల్ల, కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ సున్నా పేజీ మీద శ్రీకారం లాంటిదనుకుని వదిలేసింది. చదువుకున్న బుర్ర కదా మరి!

ఏడే అంటుంటే ఎందుకు ఊరుకున్నారని మేస్త్రీని నిలదీసింది.

"మేం ఎంత తవ్వామో ఆ గోడకి తెలుసమ్మా. కంప్యూటర్‌కి చెప్పడం మీ పని కదా," అన్నాడాయన.

మధ్యాహ్నానికల్లా, తను చేరినప్పటి నుంచి వచ్చిన నలభై ఫోటోలూ మళ్లీ తెరిచి, రోజుకో బండి కలిపింది. క్రషర్ తూకంతో లెక్క అతికినట్టు సరిపోయింది. ఆ కాగితం లక్ష్మీకాంత్ ముందు పెట్టి, "తప్పు నాది సార్. వాళ్లది కాదు," అంది. తల దించలేదు.

ఆయన లెక్క సరిచూసుకుని, ఫేస్ మూసే ఆర్డరు రద్దు చేశాడు. ఇకమీదట మిగతా రెండు ఫేస్‌లలో లాగే ఇక్కడా మొదటి బండికీ గీతే గీయాలన్నాడు. అక్కర్లేదంది బిందుమాధవి. సాఫ్ట్‌వేర్ ఫారంలో మొదటి బండి గడినే సున్నాగా మార్చింది, మూడు ఫేస్‌లకీ.

సోమవారం ఆమె మళ్లీ దిగింది. మొదటి బండి కదిలింది. కల్లంలో ఆ మాట అనేది ఇంటి పెద్ద ఒక్కడే. రాఘవులు సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు అనమ్మా," అన్నాడు.

ముఠా అంతా పని ఆపి నిలబడింది. బిందుమాధవి సున్నా చుట్టి, గని మారుమోగేలా లాభం అంది.